బాలింత సెలవు అయిపోయాక ఆఫీసుకి తయారవడం: జాకెట్లు, చీరలు, జుట్టు

ఆరు నెలలు నైటీల్లో గడిచాక ఒక రోజు బీరువా తెరుస్తాం. చీరలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. ఒక జాకెట్టు తీసి వేసుకోబోతే చెయ్యి సగంలో ఆగిపోతుంది, ఎలాగోలా దూర్చినా ముందు హుక్కులకీ కాజాలకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు చేతిలోకి వస్తుంది. రేపో ఎల్లుండో డ్యూటీలో చేరాలనగా ఈ రెండూ ఒకేసారి చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది, నాకూ వచ్చింది. అందుకే మొదటే చెప్తున్నాను, చేరే తేదీకి నెల ముందు ఈ పని మొదలుపెట్టండి.

నేను శ్రీకాకుళంలో ఒక బ్యాంకు కౌంటర్లో పనిచేస్తాను. పాపకి ఇప్పుడు పదకొండో నెల, ఆరో నెల నిండాక తిరిగి చేరాను. చీర కట్టుకునే ఉద్యోగం కాబట్టి నేను చెప్పేదాంట్లో చీర సంగతే ఎక్కువ ఉంటుంది, టీచర్లకీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. పాత కొలతలకి ఎలా తిరిగి రావాలో మాత్రం ఇందులో చెప్పను. ఇప్పుడున్న ఒంటికి, పాలిచ్చే బిడ్డ ఉన్న ఈ రోజులకి సరిపోయేలా ఓ ఆరు జతలు, రోజూ ఐదు నిమిషాల్లో అయ్యే జుట్టు, అంతవరకే మన లెక్క.

ముందు తేదీలు చూసుకోండి

ప్రైవేటులో చేసేవాళ్ళకి 2017లో ప్రసూతి సెలవు చట్టాన్ని సవరించిన తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి ఒక్కో కాన్పుకి 26 వారాలు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి 180 రోజులు జీతంతో సెలవు. అంటే దాదాపు అందరం బిడ్డకి ఐదారు నెలలు వచ్చేసరికి తిరిగి వెళ్తాం. ఆ తేదీ క్యాలెండర్లో రాసుకుని, దానికి నాలుగు వారాల వెనక్కి లెక్కపెట్టి అక్కడ గుర్తు పెట్టండి. ఆ నాలుగు వారాల్లో సంక్రాంతి గానీ, మాఘమాసం పెళ్ళిళ్ళు గానీ, శ్రావణమాసం గానీ పడితే ఆరు వారాలు చేసుకోండి. ఆ రోజుల్లో మన టైలర్లు "రేపు ఇచ్చేస్తానమ్మా" అన్న రేపు ఎప్పటికి వస్తుందో అందరికీ తెలుసు.

ఇంకోటి, కాన్పుకి కన్నవారింటికి వెళ్ళినవాళ్ళకి బట్టలు సగం ఇక్కడ సగం అక్కడ ఉంటాయి. నాకు అదే జరిగింది. నేను బొబ్బిలిలో అమ్మ దగ్గర ఉన్నాను, ఆఫీసు చీరలన్నీ శ్రీకాకుళంలో బీరువాలో ఉన్నాయి. పాపని తీసుకుని తిరిగి వచ్చాక చూసుకుందాంలే అనుకుంటే, వచ్చిన మొదటి వారం అంతా చుట్టాల రాకపోకలతోనే అయిపోయింది. ఆయన్ని ఓ ఆదివారం పంపి జాకెట్ల సంచీ తెప్పించుకుని ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి. మీరు ఆ తప్పు చేయకండి, చీరలు ఎలాగూ పడతాయి, జాకెట్లూ లంగాలూ చుడీదార్లూ మాత్రం ముందే తెప్పించుకోండి.

బీరువా ఖాళీ చేయడం

పాపని అత్తయ్యకో అమ్మకో అప్పగించి ఒక గంట తలుపు వేసుకోండి. ప్రతి జాకెట్టూ వేసి చూడాలి, చూడగానే పట్టదని తీసిపారేయకూడదు, పడుతుందిలే అని వదిలేయకూడదు. మూడు కుప్పలు వేయండి. ఇప్పుడే పట్టేవి ఒకటి. కుట్లు విప్పితే పట్టేవి రెండోది. ఎలా చూసినా పట్టనివి మూడోది, దాన్ని మూట కట్టి అటక మీద పెట్టేయండి. ఎవరికీ ఇచ్చేయకండి. పాలు మాన్పించాక ఒళ్ళు మళ్ళీ మారుతుంది, ఎంత మారుతుందో ఇప్పుడే చెప్పలేం. రోజూ బీరువా తీసినప్పుడల్లా పట్టని జాకెట్లు కళ్ళ ముందు కనబడుతుంటే మనసు పాడవుతుంది, అందుకే వాటిని అక్కడి నుంచి తీసేయమంటున్నాను.

వేసి చూసే వేళ ముఖ్యం. నాకు ఇది ఎవరూ చెప్పలేదు. పాప పాలు తాగి పడుకున్నాక నింపాదిగా కొలతలు ఇచ్చాను, కుట్టి వచ్చిన జాకెట్టు ఇంట్లో చక్కగా ఉంది, ఆఫీసులో పన్నెండు గంటలయ్యేసరికి ఊపిరాడలేదు. ఆఫీసులో మూడు నాలుగు గంటలు పాలివ్వకుండా ఉంటాం కదా, రొమ్ములు నిండి బరువెక్కుతాయి. కాబట్టి పాలు ఇవ్వడానికి ముందు, నిండుగా ఉన్నప్పుడు కొలతలు తీయించండి. ఆఫీసుకి వేసుకునే ఫీడింగ్ బ్రా వేసుకునే తీయించండి, దాన్ని బట్టి కొలత మారిపోతుంది. టైలర్ దగ్గరికి వెళ్ళడానికి కుదరకపోతే ఇంట్లోనే టేపుతో కొలుచుకుని కాగితం మీద రాసి పంపండి, పాత ఆది జాకెట్టు మాత్రం ఇవ్వకండి, ఇప్పుడది పనికిరాదు.

జాకెట్ల దగ్గరే అసలు పని

రెండో కుప్పలో ఉన్నవి తిరగేసి చూడండి. పక్క కుట్ల లోపల సాధారణంగా కొంత గుడ్డ వదిలి, రెండు మూడు వరుసల కుట్లు వేసి ఉంటారు. ఆ కుట్లు విప్పితే చుట్టుకొలత పెరుగుతుంది. చేతులకీ చంకకీ కూడా కలిపి విప్పించండి, పక్కలు ఒక్కటే విప్పితే చెయ్యి బిగుసుకుని ఎత్తితే జాకెట్టంతా పైకి లేస్తుంది. మామూలు డాట్ల జాకెట్లు ఇలా విప్పితే బాగానే వస్తాయి. కటోరీ, ప్రిన్సెస్ కట్ కుట్టించుకున్నవి అంత బాగా రావు, ఎందుకంటే వాటిలో ముందు భాగం లోతు ఆ పాత కొలతకే బిగించి ఉంటుంది, పక్కల్లో ఎంత వదిలినా ముందు లాగుతూనే ఉంటుంది. వాటి మీద డబ్బు పెట్టకండి. విప్పిన చోట పాత కుట్టు గీత, కొంచెం రంగు తేడా కనబడుతుంది, పైట కింద ఉండేది కాబట్టి దానికి దిగులు అక్కర్లేదు.

కొత్తవి మూడు కుట్టించుకుంటే చాలు. చీరకో జాకెట్టు అనే పద్ధతి ఈ ఏడాదికి పక్కన పెట్టండి. నలుపు, మెరూన్, ముదురు నీలం లేదా ముదురు ఆకుపచ్చ, ఈ రంగుల్లో టూ బై టూ గుడ్డ తీసుకుని కుట్టించుకుంటే మీ దగ్గరున్న పది పన్నెండు చీరల మీదకి ఏదో ఒకటి కలిసిపోతుంది. ముదురు రంగు ఎందుకో కిందికి వెళ్తే మీకే అర్థమవుతుంది.

టైలర్‌కి ఇవి విడిగా చెప్పండి, చెప్పకపోతే వాళ్ళ అలవాటు ప్రకారం కుట్టేస్తారు. హుక్కులు ముందు వైపే ఉండాలి. వీపు మీద హుక్కులూ జిప్పులూ వద్దు, బోట్ నెక్ వద్దు. కాజాలు రెండు వరుసలు వేయమనండి, ఒక వరుస ఇప్పటి కొలతకి, దానికి అర అంగుళం లోపలికి ఇంకో వరుస. పాపకి అన్నం అలవాటై పాలు తగ్గేకొద్దీ మీరే లోపలి వరుసకి మారిపోవచ్చు, టైలర్ చుట్టూ మళ్ళీ తిరగక్కర్లేదు. నాకు ఈ మాట పాలకొండ రోడ్డులో కుట్టే ఒక పెద్దావిడ చెప్పింది, తన కోడలికి అలాగే కుట్టిందట. నేను విన్న సలహాల్లో ఇంతగా పనికొచ్చింది ఇంకోటి లేదు. లోపల పక్కల్లో గుడ్డ ఎక్కువ వదలమనండి. మెత్తటి నూలు లైనింగు వేయించండి, కొంచెం పాలు కారినా పైకి వెంటనే తెలియదు. వీపు మెడ మరీ లోతుగా పెట్టించుకోకండి, ఫీడింగ్ బ్రా పట్టీలు వెడల్పుగా ఉంటాయి, బయటికి కనబడతాయి.

మూడూ ఒకేసారి ఇవ్వకండి. ముందు ఒకటి కుట్టించి, వేసుకుని ఇంట్లో అరపూట ఉండి, పాపకి అందులోనే పాలిచ్చి చూసి, బాగుంటే మిగతా రెండూ ఇవ్వండి.

పాలు కారడం గురించి

దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. చేరిన మూడో రోజు, లేత గంధం రంగు చీర, అదే రంగు జాకెట్టు. కౌంటర్ ముందు లైను ఉంది, ఎవరో తల్లి చంకలో పిల్లాడు ఏడ్చాడు. అంతే, నాకు పాలు వచ్చేశాయి. బిడ్డ ఏడుపు విన్నా, బిడ్డ గుర్తొచ్చినా అలా వస్తాయి, అది ఒంటి పని, మన చేతిలో లేదు. జాకెట్టు మీద రూపాయి బిళ్ళంత మరక, తర్వాత అరచెయ్యంత. పక్క కౌంటర్ అక్క తన చున్నీ ఇచ్చి లోపలికి పంపింది. లోపలికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను, సిగ్గు కంటే పాప ఆ టైముకి ఏం చేస్తోందో అన్న బాధే ఎక్కువ.

ఆ రోజు నుంచి నా ఏర్పాటు ఇది. బ్రా లోపల నూలు ప్యాడ్లు, ఉతికి మళ్ళీ వాడుకునేవి. కొనకపోయినా ఫరవాలేదు, పాత మెత్తటి నూలు పంచె ముక్క నాలుగు మడతలు పెట్టి గుండ్రంగా కుట్టుకుంటే అదే పని చేస్తుంది. బ్యాగులో రెండు జతలు అదనంగా ఉండాలి. తడిసినవి వెంటనే మార్చాలి, తడి అలాగే ఉంటే చర్మం ఒరుసుకుని ఇన్ఫెక్షన్ రావచ్చు. పాలు వస్తున్నట్టు అనిపించగానే రెండు చేతులూ కట్టుకుని ముంజేతులతో రొమ్ముల మీద కాసేపు గట్టిగా ఒత్తి పట్టుకుంటే ఆగుతాయి, చూసేవాళ్ళకి చేతులు కట్టుకుని కూర్చున్నట్టే ఉంటుంది. ఆఫీసు సొరుగులో ఒక ముదురు రంగు జాకెట్టు, ఒక పల్చటి శాలువా ఎప్పుడూ ఉంచండి. రంగుల విషయానికొస్తే ముదురు రంగులు, చిన్న చిన్న పువ్వుల ప్రింట్లు మరకని దాచేస్తాయి. లేత రంగులు, సాదా పట్టు, సాదా క్రేప్ కొన్నాళ్ళు వద్దు. మరక పడిన జాకెట్టుని ముందు చన్నీళ్ళలో ఉతకండి, వేడినీళ్ళలో వేస్తే పాల మరక గుడ్డకి పట్టేస్తుంది.

చట్టం ప్రకారం బిడ్డకి 15 నెలలు నిండే వరకు మామూలు విరామం కాకుండా రోజుకి రెండు సార్లు పాలిచ్చేందుకు విరామం అడిగే హక్కు ఉంది, 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట బిడ్డల్ని చూసుకునే క్రెష్ ఏర్పాటు కూడా ఉండాలి. ఇల్లు దగ్గరైతే అత్తయ్య పాపని తీసుకొస్తారు, లేదంటే పాలు పిండుకోవాలి. రెంటికీ ముందు హుక్కుల జాకెట్టే కావాలి. అందుకే జాకెట్టు గురించి ఇంత సేపు చెప్పాను.

చీరలు, లంగాలు

చీరలు కొత్తవి కొనక్కర్లేదు. కొనాలనిపిస్తే రెండు కొనండి, మనసుకి బాగుంటుంది, దాన్ని కాదనను. జి.టి.రోడ్డులో షాపులకి వెళ్ళేది ఉంటే ఆదివారం సాయంత్రం కాకుండా మామూలు రోజు పదకొండింటికి వెళ్ళండి, పాపకి పాలిచ్చి బయల్దేరితే తిరిగి వచ్చేలోపు పని అయిపోతుంది.

గంజి పెట్టాల్సిన నూలు చీరలు మొదటి మూడు నెలలు వద్దు. నాకు పొందూరు ఖద్దరు అంటే ప్రాణం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, వందకి పైన కౌంటు, అంటే అంత సన్నటి పోగు, తీసే నూలు అది, ఇరవై కిలోమీటర్ల దూరంలో మన ఆడవాళ్ళ చేతుల మీదుగా వస్తుంది, మా పెళ్ళిచూపులకి నేను కట్టుకున్నది అదే. అయినా దాన్ని గంజి పెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి, మడత నలగకుండా చూసుకునే తీరిక ఇప్పుడు మీకు లేదు, పాప ఒక్కసారి భుజం మీద కక్కితే మళ్ళీ మొదటి నుంచీ మొదలు. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి దాచుకోండి, పాప మొదటి పుట్టినరోజుకి తీద్దురు గాని. ఇప్పటికి గంజి లేని మెత్తటి నూలు చీరలు మూడు, తొందరగా ఆరే ప్రింటెడ్ క్రేప్ లేదా జార్జెట్ మూడు. వానాకాలంలో దండెం నిండా పాప గుడ్డలే ఉంటాయి, మన చీరకి చోటు దొరకడమే గగనం, గంటలో ఆరిపోయే చీర విలువ అప్పుడు తెలుస్తుంది. ఎండాకాలంలో మన దగ్గర ఉక్కకి నూలే మేలు.

ఆదివారం సాయంత్రం మూడు చీరలకి కుచ్చిళ్ళూ పైటా మడతలు పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నీసులతో హ్యాంగరుకి తగిలించుకుంటే పొద్దున్న కట్టడం మూడు నిమిషాలు. ఆర్టీసీ బస్సులో వెళ్ళేవాళ్ళయితే పైట మడతలు సన్నగా పెట్టుకుని భుజం దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి పిన్ను పెట్టుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం అయ్యాక మా దారి పల్లెవెలుగుల్లో పొద్దున్న పూట నిలబడే ప్రయాణం, పైట ఒకరి చేతిసంచీకి తగులుకుంటే అంతే.

లంగా గురించి ఆపరేషన్ అయినవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాలి. సిజేరియన్ కుట్లు పొత్తికడుపు కింద ఉంటాయి, చీర కిందికి కట్టే అలవాటు ఉంటే సన్నటి నాడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే కోస్తుంది. నడుము పైకి కట్టుకోండి. నాడా తీసేసి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ వేయించి, వెనక కాస్త ఎలాస్టిక్, పక్కన రెండు హుక్కులు పెట్టించుకోండి, ఒత్తిడి ఒక గీత మీద పడకుండా పరుచుకుంటుంది. పొట్ట లోపలికి నొక్కే బిగుతు లంగాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చునేవాళ్ళకి హింస, నేను ఒకటి కొని రెండు రోజులు వేసుకుని వదిలేశాను. నడికట్టు గానీ బెల్టు గానీ ఎన్నాళ్ళు వాడాలో కాన్పు చేసిన డాక్టర్నే అడగండి.

చుడీదార్లు వేసుకునే వీలున్నవాళ్ళకి సులువు. ముందు రెండు పక్కలా దాచిన జిప్పులున్న ఫీడింగ్ కుర్తీలు దొరుకుతాయి, లేదా ముందు నడుము దాకా బొత్తాలున్నవి తీసుకోండి. కింద కాస్త వెడల్పుగా వచ్చే ఏ లైన్ కుట్టు బాగుంటుంది. చున్నీ రెండు వైపులా వేసుకోండి.

చెప్పులు, నగలు

కడుపుతో ఉన్నప్పుడు కీళ్ళ దగ్గర పట్టు సడలుతుంది, కొందరికి పాదం కాస్త పెరిగి అలాగే ఉండిపోతుంది. పాత చెప్పులు వేసుకుని ఇంట్లోనే గంట తిరిగి చూడండి, వేళ్ళు ఒరుసుకుంటే కొత్తవి సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త వాచి ఉంటుంది కాబట్టి సరైన సైజు తెలుస్తుంది. ఉంగరం బిగుతుగా ఉంటే బలవంతంగా తొడగకండి. వేలాడే జూకాలు, పొడుగు గొలుసులు పాప చేతికి అందుతాయి, చెవి తెగేంత లాగుతుంది. చిన్న దుద్దులే మేలు.

ఇప్పుడు జుట్టు

ముందు భయం పోవాలి. వెంట్రుక కొన్నేళ్ళు పెరిగి, కొన్నాళ్ళు ఆగి, రాలిపోతుంది, రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం అందరికీ మామూలే. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ బాగా ఎక్కువగా ఉండటం వల్ల రాలాల్సినవి కూడా నిలిచిపోతాయి. సీమంతం ఫొటోల్లో పూలజడ కింద మీ జడ అంత లావుగా ఉన్నది అందుకే. కాన్పయ్యాక ఆ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది, ఆగి ఉన్నవన్నీ దాదాపు మూడో నెల నుంచి కలిసికట్టుగా రాలడం మొదలుపెడతాయి. నాలుగో నెల చుట్టుపక్కల ఎక్కువగా ఉంటుంది, బిడ్డకి ఏడాది వచ్చేసరికి చాలామందికి మళ్ళీ మామూలవుతుంది. మనం ఆఫీసుకి వెళ్ళే ఆరో నెల అంటే పాతవి రాలి, కొత్తవి అంగుళం రెండంగుళాలు లేచి నుదుటి మీద నిలబడే టైము. అవి కొత్త జుట్టు వస్తోందనడానికి గుర్తు, వాటిని చూసి సంతోషించండి.

ఏడాది దాటినా తగ్గకపోయినా, అక్కడక్కడ బిళ్ళలుగా ఊడినా, జుట్టుతో పాటు విపరీతమైన నీరసం, గుండె దడ, బరువులో తేడా ఉన్నా డాక్టర్ని కలవండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించమంటారు. కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోమని ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు చాలామంది మధ్యలో ఆపేస్తారు, ఆపకండి, వేసుకున్న వెంటనే టీ తాగకండి, ఐరన్ ఒంటికి పట్టదు. పథ్యం పేరుతో పప్పూ గుడ్డూ ఆకుకూరా మానేసి ఉంటే పెద్దవాళ్ళకి నచ్చజెప్పి మొదలుపెట్టండి.

బిడ్డ విషయంలో ఒక జాగ్రత్త. మన తెగిన వెంట్రుక పాప కాలివేలికో చేతివేలికో చుట్టుకుని దారంలా బిగుసుకుపోతుంది, వేలు ఎర్రగా వాస్తుంది, పాప ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ తెలియదు. డాక్టర్లు దీన్ని హెయిర్ టూర్నికే అంటారు. రోజూ స్నానం చేయించేటప్పుడు వేళ్ళ మధ్యలు చూడండి, సాక్సులు తిరగేసి దులిపి వేయండి. తేలిగ్గా రాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో జుట్టు ముడి వేసుకునే ఉండండి, దువ్వుకునేది పాప లేని గదిలో.

కత్తిరించుకోవాలా? నా మాట అడిగితే, అవును, కొంచెం. నడుము దాటిన జుట్టు ఆరడానికే గంట పడుతుంది, తడి జుట్టు ముడి వేసి పరుగెడితే తల దురద, వాసన. వీపు మధ్యకి గానీ భుజాల కిందికి గానీ చేయిస్తే జడ వస్తుంది, క్లచర్ నిలబడుతుంది, పల్చబడింది కూడా కనబడదు. మరీ ఎక్కువ లేయర్లు వద్దు, జుట్టు పల్చగా ఉన్నప్పుడు కొసలు ఇంకా పల్చబడి ఎలకతోకలా వేలాడతాయి. కింద సాదాగా, లేదా కొంచెం యూ ఆకారంలో కట్ చేయమనండి. చేరడానికి రెండు వారాల ముందు చేయించుకోండి, నచ్చకపోతే అలవాటు పడటానికి టైముంటుంది. అత్తయ్యకి ముందే చెప్పండి. బాలింత జుట్టు కత్తిరించకూడదని కొన్ని ఇళ్ళల్లో పట్టింపు ఉంటుంది, చెప్పకుండా చేసి వచ్చి గొడవ పడే ఓపిక ఇప్పుడు మనకి లేదు.

పార్లర్‌లో కుర్చీలో కూర్చోగానే స్మూతెనింగ్, కెరాటిన్ అని జుట్టుని నున్నగా చేసేవి చేయించుకోమంటారు. నన్ను కూడా అలాగే ఒకచోట ఒప్పించబోయారు, జుట్టు ఇంత ఊడింది కదా ఇది చేస్తే ఆగిపోతుంది అని. ఆగదు. వాటిలో కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్, లేదా వేడికి దాన్ని వదిలే పదార్థాలు ఉంటాయి, ఆ పొగ కళ్ళకీ ఊపిరికీ మంచిది కాదు. పాలిస్తున్నన్నాళ్ళూ వద్దని చెప్పేసి రండి. తెల్లవెంట్రుకలకి రంగు వేసుకోవాలంటే డాక్టర్ని ఒక మాట అడిగి, 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూసుకుని వేసుకోండి. నల్ల హెన్నా అని అమ్మే పొడుల్లో కూడా పీపీడీ అనే రసాయనం ఉంటుంది, ఆకు పొడి అనుకుని నమ్మకండి. తోట గోరింటాకు నూరి పెట్టుకుంటే మంచిదే, ఆ తీరిక దొరికితే.

తలనీలాల మొక్కు ఉన్నవాళ్ళు లెక్క చూసుకోవాలి. పాప పుట్టువెంట్రుకలు తీయించడానికి సింహాచలమో తిరుపతో వెళ్ళినప్పుడు తల్లి కూడా ఇస్తానని మొక్కుకుని ఉంటే, జుట్టు నెలకి అర అంగుళం లోపే పెరుగుతుంది. చేరే ముందే ఇచ్చేసి తలకి చక్కగా స్కార్ఫు కట్టుకుని వెళ్ళడం ఒక దారి, మా ఆఫీసులో ఒకావిడ అలాగే వచ్చింది, ఎంతో నిండుగా ఉంది. లేదంటే ఇప్పటికి మూడు కత్తెర్లు ఇచ్చి వస్తారు చాలామంది. అది మీ ఇంటి ఆచారం, మీ ఇష్టం.

రోజూ పొద్దున్న కోసం రెండే పద్ధతులు. తలస్నానం చేసిన రోజు, పక్క పాపిడి తీసి, సగం జుట్టు వెనక్కి తీసుకుని చిన్న క్లచర్. మిగతా రోజులు వదులు జడ లేదా మెడ దగ్గర ముడి. ఎప్పుడూ తీసే పాపిడి మార్చి రెండో పక్కకి తీయండి, పల్చబడిన చోటు మూసుకుపోతుంది, ఒత్తుగా కనబడుతుంది. బిగించి లాగి వేసే జడ వద్దు, నుదుటి పక్కన ఇప్పటికే బలహీనంగా ఉంది. నుదుటి మీద లేచే చిన్న వెంట్రుకలకి రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతిలో రుద్దుకుని పైపైన తడమండి, నూనె ఓడేలా పెట్టకండి. తలస్నానం రాత్రి పాప పడుకున్నాక చేసుకుంటే పొద్దున్న గంట మిగులుతుంది. తడి జుట్టుని పెద్ద పళ్ళ దువ్వెనతోనే దువ్వండి.

మాటలు వస్తాయి

"ఏటమ్మా ఇలా అయిపోనావు", "జుట్టంతా ఏటైపోనాది", "బాగా ఒళ్ళు చేశావే". మొదటి వారం అంతా ఇవే. మనవాళ్ళు ప్రేమగానే అంటారు చాలామంది, కానీ గుచ్చుకుంటుంది. నేను ఒక్కటే జవాబు పెట్టుకున్నాను, "పాప పుట్టింది కదండీ, ఆర్నెల్లే అయింది" అని చెప్పి వెంటనే వాళ్ళ పిల్లల గురించి అడిగేదాన్ని. రెండో వారానికి అందరూ మర్చిపోతారు.

చేరే ముందు ఆదివారం

ఒక రిహార్సల్ చేయండి, తప్పకుండా. సోమవారం ఎన్నింటికి లేస్తారో అన్నింటికే లేచి, పాపకి పాలిచ్చి, స్నానం, చీర, జుట్టు, చెప్పులు, బ్యాగు, అన్నీ వేసుకుని వీధి చివర దాకా నడిచి రండి. బస్సు ఎక్కేవాళ్ళు ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్ళి రండి. చెయ్యి పైకెత్తి రాడ్డు పట్టుకుంటే జాకెట్టు లేస్తోందా, కూర్చుంటే లంగా కోస్తోందా, మెట్టెక్కితే కుచ్చిళ్ళు తగులుతున్నాయా, అన్నీ ఆ రోజే తెలుస్తాయి. నాకు ఆ రోజే కుడి చంక దగ్గర కుట్టు విడిపోయింది, సాయంత్రం అమ్మ చేతికుట్టు వేసి ఇచ్చింది. బ్యాగులో ప్యాడ్లు రెండు జతలు, చిన్న తువ్వాలు, తడివి వేసుకోవడానికి ప్లాస్టిక్ కవరు, పిన్నీసుల డబ్బా, దువ్వెన, ఒక రబ్బరు బ్యాండు. పిన్నీసులు పొద్దున్న ఎన్ని పెట్టుకున్నారో లెక్క గుర్తుంచుకోండి.

ఎందుకంటే సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే పాప రెండు చేతులూ చాపుతుంది, మీకు కూడా ఆగాలని ఉండదు. రెండు నిమిషాలు ఆగండి. గుమ్మం పక్కనే ఉతికిన నైటీ తగిలించి ఉంచుకోండి, చేతులు కడుక్కోండి, పైట దగ్గర పిన్ను, నడుము దగ్గర పిన్ను, కుచ్చిళ్ళ పిన్ను తీసి లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత పెట్టండి. పాప ముఖం ఆనేది సరిగ్గా ఆ భుజం మీదే. డబ్బా మూత పడ్డాక ఎత్తుకోండి.